చరిత్ర పాఠాలు - 17: ఓటుకు వేసిన తాళం, ఆల్జీబ్రాకు వేసిన తాళం



గత భాగంలో 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు రాసిన ఉత్తరం గురించి చెప్పుకున్నాం. ఈసారి అదే నల్లజాతి పోరాటంలోంచి ఇంకో మనిషి గురించి. ఈయన చేతిలో ఉన్నది లెక్కల పుస్తకం.

లెక్కలు మనకెందుకు, మనం చదవాల్సింది చరిత్ర, రాజ్యాంగం కదా అని మన విద్యార్థులే చాలామంది అంటుంటారు. ఈ భాగం వాళ్ళ కోసమే.

ఆయన పేరు రాబర్ట్ పారిస్ మోజెస్. అందరికీ బాబ్ మోజెస్. 1935లో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టాడు. హార్వర్డ్‌లో ఫిలాసఫీ ఎం.ఏ. చేసి, న్యూయార్క్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాడు. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్ళకు మాత్రమే వడ్డించే టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవమని భీష్మించారు. ఆ ఉద్యమం ఫోటోలు మోజెస్ పేపర్లో చూశాడు. ఆ ఎండాకాలమే దక్షిణాదికి బయలుదేరాడు. మిసిసిపిలో ఎమ్జీ మూర్ అనే స్థానిక నాయకుడు ఆయనకు అసలు విషయం చెప్పాడు. ఇక్కడ ముందు కావాల్సింది హోటల్లో కుర్చీ కాదు, ఓటు అని.

నల్లవాళ్ళకు ఓటు హక్కు 1870 నుంచీ అమెరికా రాజ్యాంగంలో ఉంది. కానీ మిసిసిపి రాష్ట్రం 1890లో సొంత రాజ్యాంగం రాసుకుని దానికి తాళం వేసింది. ఓటు నమోదుకు వచ్చినవాళ్ళు రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షన్ చదవాలి, దానికి అర్థం చెప్పాలి. ఏ సెక్షన్ ఇవ్వాలో రిజిస్ట్రార్ ఇష్టం. చెప్పిన అర్థం సరైనదా కాదా అన్నదీ రిజిస్ట్రార్ ఇష్టమే. తెల్లవాడికి ఒక్క వాక్యం, నల్లవాడికి లాయర్లకు కూడా కొరుకుడు పడని పేరా. పైకి చూస్తే అందరికీ ఒకటే పరీక్ష. ఎక్కడా జాతి పేరు లేదు. మెరిట్ అనే మాట వినపడినప్పుడల్లా మనం గుర్తుచేసుకోవాల్సిన పరీక్ష ఇది.

1961లో మోజెస్ జనాన్ని వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తుంటే లిబర్టీ అనే ఊళ్ళో దాడి చేశారు. తలకు కుట్లు పడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 25న, ఈ ఉద్యమానికి తోడుగా నిలిచిన హెర్బర్ట్ లీ అనే రైతును ఒక రాష్ట్ర శాసనసభ్యుడు పట్టపగలు కాల్చి చంపాడు. కాల్చినవాడు విచారణ కూడా లేకుండా బయటికొచ్చాడు. చంపడం కళ్ళారా చూసిన లూయిస్ అలెన్‌ను 1964 జనవరిలో చంపేశారు. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఈ వరస కొత్తగా అనిపించదు.

1963లో గ్రీన్‌విల్ ఫెడరల్ కోర్టులో జడ్జి మోజెస్‌ను ఒక ప్రశ్న అడిగాడు. చదువు రానివాళ్ళను ఓటు నమోదుకు ఎందుకు తీసుకొస్తున్నారు అని. మోజెస్ జవాబు సారాంశం ఇది: ఈ దేశమే వీళ్ళకు తరతరాలుగా చదువు లేకుండా చేసింది, ఇప్పుడు చదువు లేదన్న సాకుతో ఓటు కూడా లేదంటే ఎలా కుదురుతుంది?

మిత్రులారా, ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మోజెస్ మిగతా జీవితమంతా దీని వెంటే నడిచింది.

మిసిసిపి డెల్టాలో నల్లవాళ్ళు తెల్ల దొరల భూముల్లో పత్తి పండించి, పంటలో వాటా తీసుకుని, ఎప్పటికీ తీరని అప్పులో బతికేవాళ్ళు. వాళ్ళను షేర్‌క్రాపర్లు అంటారు. వాళ్ళ పిల్లల బడులు పత్తి ఏరే కాలంలో మూసేసేవాళ్ళు. ఏ పని చేయాలో ముందే రాసిపెట్టి, ఆ పనికి సరిపడా చదువే చెప్పడం. దీనికి మోజెస్ షేర్‌క్రాపర్ చదువు అని పేరు పెట్టాడు. మన మాటల్లో చెప్పాలంటే పాలేరు చదువు. సంతకం పెట్టడం వస్తే చాలు, కూలి లెక్క దొర చూసుకుంటాడు అనే చదువు.

1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది, పరీక్ష తాళం పగిలింది. చట్టానికి ముందు మిసిసిపిలో ఓటు వయసున్న నల్లవాళ్ళలో నమోదైనవాళ్ళు 6.7 శాతం. 1967 నాటికి దాదాపు 60 శాతం. తెలివి లేక ఓటు వేయలేదన్న వాదన రెండేళ్ళలో పత్తి దూదిలా ఎగిరిపోయింది.

వియత్నాం యుద్ధానికి పొమ్మన్న తాకీదును కాదని మోజెస్ దేశం వదిలాడు. 1969 నుంచి 1976 దాకా టాంజానియాలో లెక్కలు చెప్పాడు. తిరిగొచ్చి మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో ఉంటున్నప్పుడు, 1982లో, ఆయన పెద్ద కూతురు మైషా ఎనిమిదో తరగతికి వచ్చింది. ఆ బళ్ళో ఎనిమిదిలో ఆల్జీబ్రా లేదు. ఆల్జీబ్రా ఎనిమిదిలో మొదలుపెట్టకపోతే హైస్కూల్లో పై గణితానికి వేళ మించిపోతుంది. అది దాటితే ఇంజనీరింగ్, సైన్సు ఆశలు వదులుకోవాల్సిందే. మోజెస్ తానే ఆ బడికి వెళ్ళి కూతురికీ, ఇంకో ముగ్గురికీ ఆల్జీబ్రా చెప్పాడు. పిల్లలను తెలివిని బట్టి గుంపులుగా విడదీశామంటున్నారు. చూస్తే పై గుంపులో ఎక్కువగా తెల్ల పిల్లలు, కింది గుంపులో నల్ల పిల్లలు. ఆయనకు మిసిసిపి రిజిస్ట్రార్ గుర్తొచ్చి ఉంటాడు. ఆల్జీబ్రా ప్రాజెక్టు అక్కడ పుట్టింది.

తన పిల్లకు ట్యూషన్ పెట్టించి ఊరుకోలేదు ఆయన. ఆ గుంపులన్నిటికీ ఒకటే చదువు ఎందుకు ఉండకూడదు అన్నాడు. పిల్లలు ఆల్జీబ్రాలో ఎక్కడ ఆగిపోతున్నారో కూర్చుని గమనించాడు. ఆయన పట్టుకున్నది చిన్న విషయమే. చిన్న తరగతుల లెక్కల్లో ఒకటే ప్రశ్న: ఎన్ని? ఆల్జీబ్రాకు వచ్చేసరికి ఇంకో ప్రశ్న కలుస్తుంది: ఏ వైపు? ఈ రెండో ప్రశ్న ఎవరూ చెప్పరు. పిల్లలు మొదటి ప్రశ్నతోనే రెండోదానికి జవాబు వెతుకుతారు. మైనస్ దగ్గర తలకిందులవుతారు. అప్పుడు మొద్దు అని ముద్ర వేస్తాం.

అందుకే ఆయన పిల్లలను కేంబ్రిడ్జ్‌లో రెడ్‌లైన్ రైలు ఎక్కించాడు. మనకూ హైదరాబాద్ మెట్రోలో రెడ్‌లైనే ఉంది కాబట్టి ఆ పాఠం మన స్టేషన్లతో చేద్దాం. అమీర్‌పేట సున్నా అనుకోండి. ఎల్బీనగర్ వైపు ప్లస్, మియాపూర్ వైపు మైనస్. అప్పుడు పంజాగుట్ట ప్లస్ 1, ఇర్రంమంజిల్ ప్లస్ 2, ఖైరతాబాద్ ప్లస్ 3. ఇటువైపు ఎస్.ఆర్. నగర్ మైనస్ 1, ఈఎస్ఐ హాస్పిటల్ మైనస్ 2. ఖైరతాబాద్‌లో ఎక్కి ఈఎస్ఐలో దిగితే ఎన్ని స్టేషన్లు కదిలాం? అయిదు. ఏ వైపు? మియాపూర్ వైపు. అంటే మైనస్ 5. దిగిన చోటులోంచి ఎక్కిన చోటు తీసేస్తే, మైనస్ 2లోంచి 3 తీసేస్తే, వచ్చేదీ మైనస్ 5 అదే. బట్టీ పట్టిన సూత్రం కాదు, టికెట్ కొని చేసిన ప్రయాణం.

ఆయన పద్ధతిలో మెట్లు ఉన్నాయి. ముందు పని చేయాలి. తర్వాత దాని బొమ్మ గీయాలి. తర్వాత ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. తర్వాత ఆ మాటలను పొందికగా సర్దాలి. చివర్లో గుర్తులు రావాలి. మన చదువు చివరి మెట్టు నుంచి మొదలవుతుంది. గూడెంలో ఎవరూ పలకని స్థానభ్రంశం, సంవర్గమానం అనే మాటలతో మొదలై, ఇంటర్‌లో మీడియం మారగానే అవే ఇంగ్లిష్‌లో కొత్తగా ముందుకొస్తాయి. పిల్లవాడు లెక్కలో తప్పాడా, భాషలో తప్పాడా అని అడిగేవాళ్ళు లేరు.

ట్రిగనామెట్రీకీ ఇదే తాళంచెవి. సైన్, కొసైన్ గుర్తుల కోసం ఆల్ సిల్వర్ టీ కప్స్ అని బట్టీ పెట్టిస్తారు. ఒక వృత్తం గీయండి, వ్యాసార్థం 1. మధ్య బిందువు మన అమీర్‌పేట. కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. పైకి ప్లస్, కిందికి మైనస్. వృత్తం మీద నిలబడ్డవాడు మధ్య నుంచి పక్కకు ఎంత దూరంలో ఉన్నాడు, ఏ వైపు? అది కొసైన్. ఎంత ఎత్తులో ఉన్నాడు, పైకా కిందికా? అది సైన్. కుడివైపు చివర నుంచి మొదలై 180 డిగ్రీలు తిరిగితే సరిగ్గా ఎడమవైపు చివరికి వచ్చాడు. అందుకే కొసైన్ 180 విలువ మైనస్ 1. ఎన్ని, ఏ వైపు అన్న రెండు ప్రశ్నలే మళ్ళీ.

ఇదంతా ఎందుకంటే, అమెరికా కాలేజీల్లో డిగ్రీ మొదట్లోనే కాలేజీ ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ అనే కోర్సులు ఎదురవుతాయి. ప్రమేయాలు, బహుపదులు, సంవర్గమానాలు, తర్వాత యూనిట్ సర్కిల్. ఇవి కాల్‌క్యులస్‌కు దారి. ప్రవేశ పరీక్షలో వెనకబడితే ముందు రెమిడియల్ క్లాసులో కూర్చోబెడతారు. అక్కడ ఫీజు కడతారు, టైము పోతుంది, డిగ్రీకి మాత్రం ఒక్క క్రెడిట్ కలవదు. పేద పిల్లలు, నల్ల పిల్లలు ఎక్కువగా ఆ క్లాసుల్లోనే తేలతారు, అక్కడే చదువు మానేస్తారు. హైస్కూలు ముగించిన ప్రతి పిల్లా ఈ క్లాసు మెట్టు ఎక్కకుండా నేరుగా క్రెడిట్ ఇచ్చే గణితంలో కూర్చోవాలన్నదే ఆల్జీబ్రా ప్రాజెక్టు లక్ష్యం. మోజెస్ మిసిసిపి రాజధాని జాక్సన్‌కు తిరిగి వెళ్ళి, లేనియర్ హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఆ పని చేశాడు.

దీని మీద అమెరికాలో పెద్ద చర్చే నడిచింది. ఆండ్రూ హాకర్ అనే ప్రొఫెసర్ 2012లో ఆల్జీబ్రా అందరికీ అవసరమా అని రాశాడు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2013లో ఒక ప్రయోగం చేశారు. రెమిడియల్ ఆల్జీబ్రాకు పంపాల్సిన విద్యార్థుల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, నేరుగా క్రెడిట్ ఇచ్చే స్టాటిస్టిక్స్‌లో వేసి, వారం వారం అదనపు సాయం ఇచ్చారు. వాళ్ళలో 56 శాతం పాసయ్యారు. రెమిడియల్ ఆల్జీబ్రాలో ఉన్నవాళ్ళలో 39 శాతమే. కాలిఫోర్నియా 2017లో చట్టం చేసి, కమ్యూనిటీ కాలేజీల్లో పిల్లలను రెమిడియల్‌లోకి నెట్టడాన్ని బాగా కట్టడి చేసింది.

ఈ చర్చలో మన వైపు ఏది? నా అభిప్రాయం చెప్తాను. చరిత్ర, సాహిత్యం చదవబోయే పిల్లను అవసరం లేని లెక్కతో ఆపేయడం రిజిస్ట్రార్ పనే. ఆ తాళం పగలాలి. కానీ మీకు ఆల్జీబ్రా ఎందుకులే అని జాలిగా చెప్పేవాడి విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. ఆ మాట దొర నోటి నుంచి విన్నదే. దొరల పిల్లలు ఆల్జీబ్రా మానరు. అల్గారిథం రాసేవాళ్ళు, బ్యాంకు వడ్డీ లెక్క కట్టేవాళ్ళు, పరీక్షల్లో మార్కుల నార్మలైజేషన్ సూత్రం తయారుచేసేవాళ్ళు ఒక వైపు, ఆ లెక్కకు తలొంచేవాళ్ళు ఒక వైపు ఉంటే, దాన్నే కదా మోజెస్ షేర్‌క్రాపర్ చదువు అన్నది.

మన దేశం సంగతికి వద్దాం. ఓటు విషయంలో మనం మిసిసిపి కంటే ముందున్నాం. 1935 చట్టం కింద ఆస్తి, చదువు లాంటి అర్హతలున్న కొద్దిమందికే ఓటు. బాబాసాహెబ్ 1928లోనే సైమన్ కమిషన్ ముందు వయోజన ఓటు హక్కు అడిగారు. 1950లో వచ్చిన రాజ్యాంగం 326వ అధికరణంలో చదువు షరతు లేదు. మన తాతలు వేలిముద్రతోనే ఓటర్లయ్యారు.

బోర్డు దగ్గర మాత్రం తాళం అలాగే ఉంది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయడానికి బాబాసాహెబ్‌ను టీచరు బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరిగెత్తి తీసుకున్నారని జీవిత చరిత్రలో ధనంజయ్ కీర్ రాశాడు. ఆయన బోర్డు దాకా వెళ్ళారు. ఈ రోజు డబ్బాలు ఎవరూ జరపరు. నీకు లెక్కలు రావులే, హెచ్ఈసీ తీసుకో అంటారు. హెచ్ఈసీ తక్కువది కాదు. ఇష్టపడి తీసుకుంటే అది ఎంపిక. మనల్ని చూడగానే ఆ కాగితం చేతిలో పెడితే అది గుంపు విడదీయడం. ఇంజనీరింగ్‌లో చేరిన మన పిల్లలు మొదటి ఏడాది మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌తోనే కుంగిపోతుంటే, రిజర్వేషన్‌లో వచ్చారు కాబట్టి అంతే అంటారు. గ్రీన్‌విల్ జడ్జి అడిగిన ప్రశ్న ఇదే. మోజెస్ చెప్పిన జవాబే మన జవాబు కూడా.

అయితే మోజెస్ జవాబు దగ్గరే ఆగలేదు. నల్లవాళ్ళకు ఓటు మీద ఆసక్తి లేదని తెల్లవాళ్ళు ప్రచారం చేసేవాళ్ళు. పత్తి చేలో పనిచేసేవాళ్ళే రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బారులు తీరాక ఆ అబద్ధం నిలబడలేదు. మన పిల్లలకు లెక్కల మీద ఆసక్తి లేదన్నది కూడా అలాంటిదే. దాన్ని కూల్చాల్సింది పిల్లలే. 1996లో ఆల్జీబ్రా ప్రాజెక్టులో చదివిన యువకులే యంగ్ పీపుల్స్ ప్రాజెక్ట్ పెట్టుకున్నారు. హైస్కూలు, కాలేజీ విద్యార్థులు తమకంటే చిన్నవాళ్ళకు లెక్కలు చెప్తారు, ఆ పనికి వాళ్ళకు డబ్బు కూడా ఇస్తారు. బాబ్ మోజెస్ 2021 జూలై 25న చనిపోయాడు. ఆ పని ఇంకా నడుస్తోంది.

కాబట్టి హాస్టళ్ళలో, బస్తీల్లో ఉన్న విద్యార్థి మిత్రులకు ఒక పని. అంబేడ్కర్ జయంతికి ఫ్లెక్సీ కట్టే ప్రతి సంఘమూ ఒక లెక్కల గుంపు కట్టాలి. బీటెక్, డిగ్రీ చదివేవాళ్ళు ఒక్కొక్కరు అయిదుగురు తొమ్మిది, పది తరగతుల పిల్లలను పట్టుకోండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. సూత్రం రాయడానికి ముందు వాళ్ళను నడిపించండి, బొమ్మ గీయించండి, వాళ్ళ మాటల్లో చెప్పించండి. ఎన్ని, ఏ వైపు అని అడగండి. కమ్యూనిటీ హాలులో బోర్డు లేకపోతే గోడకు నల్లరంగు వేయండి. పిల్లలే వచ్చి రాయాలి, మీరు వెనక కూర్చోవాలి.

వచ్చే భాగంలో, 1969 ఏప్రిల్‌లో న్యూయార్క్ సిటీ కాలేజీ గేట్లకు లోపలి నుంచి తాళం వేసి, యూనివర్సిటీ తలుపులు అందరికీ తెరిపించిన నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థుల కథ.

జై భీమ్.