నెత్తుటి సాక్ష్యము

పశ్చిమ ప్రకాశంలో ఎవరైనా కీళ్ళనొప్పులని చెప్పగానే ముందుగా బోరునీటిని నిందించడం పరిపాటి. మార్కాపురం, కనిగిరి మెట్టలలో పలుచోట్ల నీటిలో ఫ్లోరైడు హెచ్చు గనుక ఆ నింద నిరాధారమూ కాదు. అయితే, అర్ధవీడులోనైనా మరెక్కడనైనా, ప్రతి నొప్పినీ నీటి పద్దులోనే వ్రాసివేస్తే దాని మాటున మరొక వ్యాధి దాగిపోవచ్చును. ఆ వ్యాధి కథనే నేడు మేము శ్రోతలకు విన్నవించదలచినాము.

పడుచుప్రాయంలోని స్త్రీకి వేళ్ళ కీళ్ళు వాచి, విడవని జ్వరము, నోటిపూత, ఎండ సోకితే బుగ్గలమీద సీతాకోకచిలుక రెక్కలవలె ఎర్రదనము కనిపించినప్పుడు వైద్యులు లూపస్‌ను శంకిస్తారు. లాటిను భాషలో లూపస్ అనగా తోడేలు. రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. 1851లో పారిసు వైద్యుడు కజెనావ్ దీనికి 'లూపస్ ఎరిథిమెటోసస్' అని పేరు పెట్టినాడు. ఇది చర్మంతో ఆగక లోపలి అవయవాలనూ పట్టునని 1872లో వియన్నాలో కపోసీ చూపినాడు.

అటుపైన చాలాకాలం వైద్యునికి కన్నే ఆధారం. రక్తకణం సాక్ష్యమిచ్చినది 1948లో. అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్, రిచ్‌మండ్, మోర్టన్‌లు రోగుల ఎముకమూలుగను సూక్ష్మదర్శినితో పరీక్షిస్తూ, ఒక తెల్లకణం మరొక కణపు కేంద్రకాన్ని మింగి ఉబ్బి ఉండడం గమనించినారు. దానికి ఎల్.ఇ. కణమని పేరు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కన్నుమూసినదీ ఆ సంవత్సరమే. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలో రూపొందిన మెథోట్రెక్సేట్ తరువాతి కాలంలో లూపస్ కీళ్ళనొప్పులకూ మందైనది.

కణం కణాన్ని మింగనేల? 1957లో పలువురు పరిశోధకులు జవాబు చెప్పినారు: రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు శత్రుక్రిములను విడిచి, కేంద్రకంలోని డి.ఎన్.ఏ.నే పట్టుకుంటున్నవి. కావలివాడే ఇల్లు దోచినట్లన్నమాట. ఆ ఏడే ఫ్రియో, మెరిసే రంగు సాయంతో అట్టి ప్రతిరక్షకాలను పట్టే పద్ధతి చూపినాడు. నేటి ఏ.ఎన్.ఏ. పరీక్ష ఆ దారినే వచ్చినది. డి.ఎన్.ఏ. ప్రతిరక్షకాలు పెరిగి, రక్తంలో కాంప్లిమెంటు అనే మాంసకృత్తులు తగ్గితే మూత్రపిండాలకు ముప్పు అని 1968లో షర్, శాండ్‌సన్‌లు తెలిపినారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1997లో పదిహేను పరిశోధనశాలలు కలిసి చూడగా, సీరమును నలభైరెట్లు పలుచన చేసినప్పుడు ఆరోగ్యవంతులలో సైతం నూటికి సుమారు 32 మందిలో ఏ.ఎన్.ఏ. కనబడినది. కాగితంమీద 'పాజిటివ్' అని చూసి తల్లడిల్లే తల్లిదండ్రులకు ఈ అంకె చెప్పేవారు తక్కువ. అట్లని కొట్టిపారవేయరాదు. 2003లో అమెరికా సైనికుల నిల్వ రక్తాన్ని శోధించగా, తరువాత లూపస్ తేలిన 130 మందిలో 115 మందికి వ్యాధి నిర్ణయానికి ముందే ప్రతిరక్షకాలున్నవి. కొందరికి తొమ్మిదేళ్ళకు పైబడి.

మూత్రపిండం చెడుతున్నా తరచు నొప్పి తెలియదు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నవేమో చూడడానికి చిన్న కాగితపు పట్టీ చాలును. కీళ్ళు వాచిన ఆడపడుచు ఇంట నీళ్ళను పరీక్షకు పంపేనాడే ఈ పట్టీ సంగతి కూడ వైద్యుని అడుగవచ్చును.