న్యూ ఫ్యామిలీసెర్చ్

న్యూ ఫ్యామిలీసెర్చ్ అనేది అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా గల యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం (మోర్మన్ చర్చి) తన సభ్యుల కొరకు 2007లో ప్రవేశపెట్టిన వంశవృక్ష సమాచార వ్యవస్థ.

నేపథ్యం

ఈ సంఘ సభ్యులు మరణించిన పూర్వీకుల తరఫున దేవాలయాలలో బాప్తిస్మం తదితర సంస్కారాలు జరుపుతారు. ఒకే పూర్వీకుని వారసులు విడివిడిగా పేర్లు సమర్పించడం వలన ఒకే వ్యక్తికి ఇవి పలుమార్లు జరిగేవి. దీనిని నివారించడమే కొత్త వ్యవస్థ ప్రధానోద్దేశం.

రూపకల్పన

పాత జాబితాలను ఒకేచోట చేర్చి, పదేపదే నమోదైన పేర్లను గుర్తించి కలిపే పనిని సభ్యులకే అప్పగించారు. అయితే ఒకరు సమర్పించిన వివరాన్ని మరొకరు దిద్దే వీలు లేనందున, ఒకే వ్యక్తికి పరస్పర విరుద్ధమైన తేదీలు పక్కపక్కనే నిలిచిపోయాయి.

తరువాతి వ్యవస్థ

దీని స్థానంలో వచ్చిన ఫ్యామిలీ ట్రీలో, మరణించిన ఒక్కొక్కరికి ఒకే ఉమ్మడి పుట ఉండాలన్నది నియమం. దానిలోని తప్పులను ఇతర వాడుకరులు కూడా ఆధారాలు చూపి సవరించవచ్చు. 2013లో ఇది సంఘ సభ్యులు కానివారికీ అందుబాటులోకి వచ్చింది.