కూలివాని పేరు, కూలివాని లెక్క



మాచర్లసీమలో కృష్ణ యొడ్డున నాగార్జునకొండ లోయ యుండెడిది. ఉండెడిదని యేల యంటినో పిమ్మట మీకే తెలియును. 1926లో అచ్చటి శిథిలములు పరిశోధకుల కంటబడినవి. అందొక శాసనము కలదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ పాలనవర్షమున, బోధిశ్రీ యను నుపాసిక సింహళదేశపు భిక్షువుల కొరకు చైత్యగృహమును గట్టించి యా సంగతిని ప్రాకృతభాషలో రాతిపై చెక్కించినది. ఆమె దానములను, బంధువుల పేర్లను చదువుచు చదువుచు తుదకు వచ్చితిమేని, పని చేయించిన నవకర్మికులు, అనగా కొత్త కట్టడమునకు పెత్తనదారులు, చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు అను ముగ్గురు స్థవిరులని యున్నది. వారి వెనుక, ఇది రాతిపనివాడగు విధికుని పని యని యున్నది.

పదునేడువందల యేండ్లనాటి పల్నాటి పనివాని పేరు మనకు దక్కినది. అతడెన్ని దినములు ఉలి పట్టెనో, ప్రొద్దు పొడుపు మొదలు ఎంత దడవు పని చేసెనో, ఏమి పుచ్చుకొనెనో శాసనము చెప్పదు. ఆ చెప్పని సంగతినిగూర్చియే నేడు నాలుగు మాటలు విన్నవించెదను.

పని చేయించుకొనువాడు లెక్క వ్రాసియుంచవలెనను నియమము తెల్లదొరలతో వచ్చినదని కొందరి తలంపు. అది సరికాదు. మైసూరులో శ్యామశాస్త్రిగారి చేతికి 1905లో దొరకి 1909లో అచ్చయిన కౌటిలీయార్థశాస్త్రమును తిరుగవేసినవారికి ఇది తెలిసినదే. అందు లెక్కల కచేరికి అక్షపటలమని పేరు. 354 అహోరాత్రములు పనిసంవత్సరము. ఆషాఢపూర్ణిమతో లెక్క ముగియును. ఏడు నిండినవానికి నిండుజీతము, నిండనివానికి చేసినంతకు. అధికమాసపు లెక్క వేరుగా నుండవలెను. (అధికమాసము వచ్చినయేట పాలేరునకు పదుమూడవ నెల జీతము ఈయవలెనా, అక్కరలేదా యని మా యూర జరిగిన తగవులు మీ యూరను జరిగియే యుండును.) పండుగనాడు పని చేయించినచో అదనముగా ముట్టచెప్పవలెను. నూలు వడికించు నధికారి జీతమునకు వేళ మీరినచో మధ్యమసాహసదండము; చేయని పనికి జీతమిచ్చినను ఆ దండమే. ఈ రెండవ విధి నాకు మిక్కిలి నచ్చినది. కూలి యెగగొట్టువాడును, దొంగపేర్లు వ్రాసి ఖజానా మ్రింగువాడును ఆ శాస్త్రకారుని కన్నులకు ఒక్క తీరు దోషులే.

ఇక ఇతరుల కొలువున నుండు పనివారిమాట. పనివాని యొప్పందము ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలెననియు, ఒప్పుకొన్న జీతము ఈయనివానికి పదవవంతో ఆరు పణములో దండుగ యనియు, బాకీయే లేదని బొంకువానికి ఐదవవంతో పండ్రెండు పణములో యనియు అందు గలదు. అయితే ఇచ్చట సాక్ష్యము పొరుగువాని జ్ఞాపకమే గాని కాగితము గాదు. మన పల్లెలయందు మొన్నమొన్నటివరకు నడిచినది ఈ పద్ధతియే. కళ్లమున గింజలు కొలిచినపుడు నలుగురు చూచుచుండిరి, అదియే రసీదు. కరణముగారి కడితములలో భూమికిని పంటకును శిస్తునకును చోటు గలదు గాని, పాలేరు జీతము రైతునకును వానికిని నడుమ నోటిమాటగానే యుండెను. ఊరివాడు ఊరివానికి చేసిన పనికి అది చాలినదేమో. ఎవరికెవరు నెరుగని చోట చాలదు.

అట్టి చోట్లు యంత్రములతో వచ్చినవి. పత్తిజిన్నులలో, మిల్లులలో ప్రొద్దు బదులు గడియారము వచ్చినది. పెద్దవారికి వారమునకు 1922 శాసనము 60 గంటలును, 1934 శాసనము సంవత్సరము పొడుగున నడచు కర్మాగారములకు 54 గంటలును, 1948 శాసనము 48 గంటలును హద్దుగా విధించినవి. హద్దు విధించినంతమాత్రమున నేమగును? ఎవడు ఎప్పుడు లోనికి పోయెనో, ఎప్పుడు వెలికి వచ్చెనో వ్రాసినగాని హద్దు మీరినది తెలియదు. తెలియనిదే అదనపు గంటలకు రెట్టింపు కూలి యను విధికి అర్థము లేదు. అందుచేత హాజరుపుస్తకము ఆ శాసనములకు వెన్నెముక యైనది. 1936 నాటి వేతనచెల్లింపు శాసనము మరియొక మెట్టు. జరిమానాలని, నష్టములని యజమాని తోచినంత కోసికొనుట నది యరికట్టి, కోసినదానికి పద్దు చూపుమనెను. 1948లో కనీసవేతన శాసనము వచ్చినది.

మరల మా లోయకు వచ్చెదను. 1955 డిశంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. సిమెంటు, యంత్రములు కరవైన దినములు. మనుష్యుల చేతులు సమృద్ధి. అందుచే 124 మీటర్ల యెత్తున రాతికట్టడమునే కట్టిరి. పాలమూరు మొదలుకొని ఎచ్చటెచ్చటినుండియో వచ్చిన కూలీలు రాళ్లు మోసిరి. ప్రభుత్వము తిన్నగా చేయించు పనులలో మస్తరు అను పట్టిక యుండును. దినదినమును పేరు పిలిచి హాజరు వేయవలెను; ప్రతి యొక్కటే యుండవలెను, రెండవది కూడదు; బట్వాడానాడు రానివాని కూలిని వేరు పుస్తకమున నెక్కించి నిలువయుంచవలెను. చక్కని పద్ధతి. కాని గుత్తదారు క్రింద మేస్త్రీ, మేస్త్రీ క్రింద గుంపు, గుంపునకు ముందే యిచ్చిన బయానా, ఇన్ని యంతస్తులు దిగునప్పటికి లెక్క మేస్త్రీ నోటిలోనికి పోవుచుండును. గుత్తదారు కూలి ఈయనిచో అసలు యజమానియే ఈయవలెననియు, బట్వాడావేళ అతని మనిషి యెదుట నుండవలెననియు 1970 శాసనము వచ్చునప్పటికి ఆనకట్ట ముగిసియుండెను. విధికుని లోయ ఆ నీటి క్రిందకు పోయినది. అతనికి పేరు మిగిలి లెక్క పోయినది. ఆనకట్ట మోసినవారికి లెక్క యెచ్చటనో దస్త్రములలోనికి పోగా, వారి పేర్లు మనలో నెవ్వరికి తెలియును?

నేను పిడుగురాళ్ల చేరువ నొక బడిలో పంతులుగా నున్నపుడు, అది 1994వ సంవత్సరము, ఒక విద్యార్థి తండ్రి నాయొద్దకు వచ్చెను. సున్నపుబట్టీలో పనివాడు. పదునొకండు వారముల కూలి రావలసియున్నది. లెక్క యేదయ్యా యంటిని. మేస్త్రీ బట్టీగది గోడమీద బొగ్గుతో రోజునకొక గీత గీచెడివాడట. సంక్రాంతికి గోడకు సున్నము కొట్టించిరి. గీతలన్నియు పోయినవి. "మేము కాల్చిన సున్నమేనండీ" అనెను. వాని భార్య కొంగుతాటికి వారమునకొక ముడి వేసియుంచినది. ఆ తాడు తెచ్చి నా బల్లమీద పెట్టిరి. ఆనాటి కనీసవేతన శాసనము క్రింద ఫిర్యాదునకు గడువు ఆరు నెలలు. వారు వచ్చునప్పటికి ఏడవ నెల. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింపవచ్చునని చదివియుంటిని గనుక అర్జీ వ్రాసితిని. యజమానికి పుస్తకమే లేదు. లేనందుకు జంకి సగము సొమ్ము చేతిలో పెట్టి రాజీ యనెను. వారు పుచ్చుకొనిరి. పుచ్చుకొనవలదని చెప్పుటకు నాకు నోరాడలేదు. ఇప్పటికిని నాకది కొఱతగనే యున్నది.

2006 నుండి మన రాష్ట్రమున ఉపాధిహామీ పనుల మస్తరులను ఊరినడుమ చదివి వినిపించుట మొదలైనది. చచ్చినవారి పేర్లును, ఊరు విడిచిపోయినవారి పేర్లును బయటపడిన సందర్భములు గలవు. చేయని పనికి జీతమన్న కౌటిల్యుని వాక్యము నాకపుడు జ్ఞప్తికి వచ్చెను.

1936, 1948 నాటి వేతనశాసనములను మరి రెంటితో కలిపి 2019లో పార్లమెంటు వేతనస్మృతిని చేసినది. 2025 నవంబరు 21వ తేదీన నది యమలునకు వచ్చినది. యజమాని పనివారి పట్టికను, హాజరును, కూలిపద్దును ఉంచవలెను, కూలిచీటీ ఈయవలెను. వారపు కూలి వారపు తుదిదినముననే, నెలజీతము మరుసటి నెల ఏడవనాటిలోపల చెల్లవలెను. ఫిర్యాదునకు గడువు మూడేండ్లు. సేద్యమునకో యింటిపనికో ఐదుగురికి మించకుండ పెట్టుకొన్నవారికి ఈ పుస్తకముల నిర్బంధము లేదు. అది మనలో పెక్కురకు వర్తించును. కాని అధికారి వచ్చి యడిగిననాడు కూలి ముట్టినదనుటకు తగిన నిదర్శనము వారును చూపవలెను. కూలి ముట్టలేదని పనివాడు ఫిర్యాదు చేసినచో, ముట్టినదని రుజువు చేయవలసిన భారము యజమానిదే. పనివాడు తాడు తేనక్కరలేదు.