ముక్క ఉడికిందా?

పాశ్చాత్య దేశాల హోటళ్లలో స్టేక్ తెప్పించుకునే మనిషి అది ఎంత కాలాలో ముందే చెప్తాడు. లోపల ఎర్రగా ఉండాలా, కాస్త గులాబీ రంగు మిగలాలా, నిండా కాలిపోవాలా అన్నది అతని ఇష్టం. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు ఏ దావత్‌లోనూ ఈ మాట ఎవరూ అడగరు. యాటకూర ఉడికిందా లేదా అన్నదొక్కటే ఇక్కడి లెక్క. ఆ తీర్పు ఇవ్వాల్సింది పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. ఈ తీర్పు చెప్పే పద్ధతికి మన ప్రాంతంలో చాలా పొడుగు చరిత్ర ఉంది. దాన్ని ఎవరూ సరిగా రాసిపెట్టలేదన్నదే నా బాధ.

మాంసం పదును చూసిన తొలి పాత్రల్లో మనకు బాగా తెలిసినవాడు వేటగాడు తిన్నడు. పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో రాసిన పెరియ పురాణంలో తిన్నడు పంది మాంసాన్ని నిప్పుల మీద కాలుస్తాడు. పంటితో కొరికి చూసి, బాగున్న ముక్కలనే శివుడి కోసం ఆకుదొన్నెలో పెడతాడు. ఇదే భక్తుణ్ణి కన్నప్పగా తెలుగు ద్విపదలోకి తెచ్చినవాడు, బసవపురాణం రాసిన పాల్కురికి సోమన. ఆయన ఊరు పాలకుర్తి నేడు జనగామ జిల్లాలోనే ఉంది. భక్తి సంగతి అందరూ చెప్పేదే. వంట వైపు నుంచి చూస్తే ఈ కథలో ఉన్నది ఒక పరీక్ష: ఉడికిందో లేదో కొరికి చూడటం. అంతకంటే నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు.

కానీ ఇంటి వంటకు ఆ దారి మూసుకుపోయింది. పదిమందికి పెట్టే కూరను, దేవుడికి చూపే కూరను ఎంగిలి చేయకూడదు. గంటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకొని ఉప్పు చూడటం వరకే ఒప్పుదల. పోచమ్మ దగ్గర, మైసమ్మ దగ్గర వంట చేసేటప్పుడు చాలా ఇళ్లలో అదీ చేయరు. నాలుక పక్కకు తప్పుకోవడంతో కన్ను, ముక్కు, చెవి, వేళ్లు ఆ పని నేర్చుకున్నాయి. మన పరీక్షలన్నీ అక్కడి నుంచి పెరిగినవేనని నా నమ్మకం.

రాజుల వంటశాల వేరే తీరుగా నడిచింది. కాకతీయులు ఇంకా కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్న రోజుల్లో, 1129 ప్రాంతంలో, మూడో సోమేశ్వరుడి పేర వచ్చిన మానసోల్లాసంలో మాంసాన్ని నిప్పుల మీద కాల్చే వంటకాలు బాగానే ఉన్నాయి. కార్జాన్ని వక్కలంత ముక్కలు కోసి, కాల్చి, మసాలాతో వేయించి పెరుగులో వేసే పద్ధతి అందులో ఒకటి. లేత వేటమాంసమూ, నౌకర్లూ, బొగ్గులూ దండిగా ఉన్న చోట కాల్పుడు సాగుతుంది. పల్లెలో సాగదు.

పల్లెలో దొరికేది ఏమిటి? పొద్దున కోసిన యాట, మధ్యాహ్నానికి గంజులో పడుతుంది. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది. పశ్చిమంలో స్టేక్ మాంసాన్ని చలిగదిలో రోజులూ వారాలూ వేలాడదీసి ఆ బిగువు సడలనిస్తారు. మన ఎండలో అది కుదరని పని. పైగా గొర్రె ఊరూరా మేసి తిరిగిన జీవం. నడిచిన కాలు, మోసిన మెడ గట్టిగానే ఉంటాయి. అందుకే ఉడకడం ఎంతసేపో కత్తి పడకముందే అంచనా వేస్తారు. కురుమలు, కటికవాళ్లు యాట నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లుంటే లేత. రెండు పెద్దపళ్లు వస్తే ఏడాది దాటింది, నాలుగు వస్తే రెండేళ్లకు అటూ ఇటూ. కండను పట్టి ఉంచే కొలాజెన్ పోగులు వయసుతో ముదిరి ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడతాయి. పళ్లు చూసిన మనిషికి ఆ పేరు తెలియకపోవచ్చు, పొయ్యిలోకి ఎన్ని కట్టెలు కావాలో మాత్రం తెలుసు.

ఇక పొయ్యి మీద. ముక్క మొదట నీరు విడుస్తుంది. ఆ నీరు ఇగిరేదాకా మూత తీస్తూ కలుపుతారు. పచ్చివాసన పోవడం మొదటి గుర్తు. వేడినీళ్లు పోసి సన్నని సెగ మీద వదిలాక గంజు చప్పుడు మారుతుంది. పలచని పులుసు గలగలా తెర్లుతుంది, దగ్గరపడ్డ కూర మెల్లగా, బరువుగా పొంగుతుంది. నూనె అంచులకు చేరి పైకి తేలడం రెండో గుర్తు. అయితే ఇది మసాలా ఉడికిందని చెప్పే సాక్ష్యమే, ముక్క సంగతి చెప్పదు. కొత్తగా వండేవాళ్లు పొరబడేది ఇక్కడే. అసలు గుర్తు బొక్క దగ్గర ఉంటుంది. ఒక ముక్కను గంటె మీదికి తీసి బొటనవేలితో నొక్కితే కండ బొక్క నుంచి జారాలి, పోగు పోగుగా విడవాలి, కానీ పిండి కాకూడదు. కొలాజెన్ 60 డిగ్రీలు దాటాక ముడుచుకుంటుంది. 70 దాటిన వేడిలో చాలాసేపు తడిగా ఉంటేనే కరిగి జిగురవుతుంది. ఉడుకుతున్న ముక్క మధ్యలో ఒక దశలో ముందుకంటే గట్టిగా అనిపించడానికి కారణం ఈ ముడుచుకోవడమే. ఆ దశలో భయపడి దించేస్తే కూర పాడైనట్టే.

ఒకే యాటలో తీర్పులు మళ్లీ వేరు. కార్జంలో కొలాజెన్ తక్కువ, నిమిషాల్లో అయిపోతుంది, ఆలస్యమైతే గట్టిపడి పొడిబారుతుంది. బోటికీ, తలకాయకూ, కాళ్లకూ గంటలు కావాలి. కాళ్ల పులుసు వేళ్లకు అంటుకుంటేనే అయినట్టు. నల్లకు, అంటే నెత్తురుకు, రంగే గుర్తు, ఎరుపు పోయి నలుపు తిరిగిన గోధుమరంగు వచ్చి గడ్డకట్టాలి. మానుకోట చుట్టూ ఉన్న లంబాడా తండాల్లో నెత్తురుతో చేసే సళోయి కూడా ఈ రంగు చూపుతోనే దిగుతుంది.

తునకల సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. మాంసం మిగిలిన రోజు పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాళ్ల మీద ఎండేసి దాచుకున్నవాళ్లు దళిత వాడల ఆడవాళ్లు. పెద్దకూర తునకలు ఆ ఇళ్లలో కరువు రోజుల ఆహారం. వంచితే వంగకుండా పుటుక్కుమంటే ఎండినట్టు. నిప్పుల మీద పెడితే కొవ్వు చిటపటలాడి అంచులు పొంగాలి. తెలుగు నేల మీద స్టేక్‌కు దగ్గరగా నిలిచే వంట ఏదని అడిగితే నేను ఈ కాల్చిన తునకనే చూపిస్తాను. వంట పుస్తకాలు చాలా ఏళ్లు దాని పేరే ఎత్తకపోవడం అన్యాయం.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన పద్ధతులు మరో అధ్యాయం. బొప్పాయి అమెరికా ఖండాల మొక్క, పదహారో శతాబ్దంలో పోర్చుగీసుల వెంట మన దేశానికి చేరింది. పచ్చికాయ ముద్దలోని పపైన్ కండ పోగులను తెంపుతుంది కనుక దమ్ బిర్యానీకి, కబాబులకు అది ఆధారమైంది. దమ్ పెట్టిన దేగిసా మూత పిండితో మూసేస్తారు కాబట్టి నొక్కి చూసే వీలే లేదు. పిండి ఎండిన తీరు, సందులోంచి వచ్చే ఆవిరి వాసన, వంటవాడి అనుభవం, ఇవే సాక్ష్యం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం అయితే ఇంకో కొసకు వెళ్తుంది. ముక్క ఆనవాలే మిగలకుండా గోధుమలో కలిసిపోతేనే అది ఉడికినట్టు.

ఇన్ని పద్ధతులూ ఒకే చోట చూడాలంటే మేడారం వెళ్లాలి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర 2018లో జరిగినప్పుడు ఆ ఊరు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా వేరుపడి, మేడారం అందులోకి వచ్చింది. జంపన్న వాగు ఒడ్డునా, చెట్ల కిందా మూడు రాళ్ల పొయ్యిలు వేలల్లో వెలుగుతాయి. గాలికి మంట ఎటు పోతుందో తెలియదు, కట్టె తడిదో పొడిదో తెలియదు. గడియారం పెట్టుకొని వండలేని చోటు అది. అక్కడ కూర కుదిరిందంటే ఆ వంటమనిషి వేళ్లకు మొక్కాలి.

ఆ వేళ్ల పనిని లాక్కున్నది ప్రెషర్ కుక్కర్. డెనీ పాపిన్ అనే ఫ్రెంచివాడు 1679లో లండన్‌లో చూపిన ఆవిరి పాత్ర దానికి మూలం. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్లు 1959 నుంచి తయారయ్యాయి. మామూలు గంజులో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగుతాయి, కుక్కర్‌లో 120 దాకా వెళ్తాయి. రెండు గంటల పని అరగంటకు దిగింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పల్లె ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు వచ్చాక పొగ తగ్గింది, కళ్లు బాగుపడ్డాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు పొయ్యి ఊదని నాలాంటివాళ్లకు లేదు. కానీ దానితోపాటే ఒక చెడ్డ అలవాటు వచ్చింది. ఎన్ని విజిల్స్ అని అడగడం నేర్చాం, ఏ వయసు యాట అని అడగడం మానాం. మంట పెంచితే విజిల్స్ తొందరగా వస్తాయి, కుక్కర్ చిన్నదైతే లెక్క మారుతుంది, ముదురు పొట్టేలుకూ లేత మేకకూ ఒకే లెక్క నడవదు. విజిల్ ఆవిరి సంగతి చెప్తుంది, ముక్క సంగతి చెప్పదు.

మాంసమూ మారింది. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీలో పక్క రాష్ట్రాల నుంచి జీవాలు వచ్చాయి. నల్లని ఉన్ని దక్కనీ గొర్రె, పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రె ఇప్పుడు ఒకే అంగట్లో వేలాడతాయి. కొనేవాళ్లు పళ్లు చూడరు, చూపించమని అడగరు. 1999లో ఏర్పడి, ఇప్పుడు హైదరాబాద్ చెంగిచర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ వంటి చోట్ల మాంసం మెత్తదనాన్ని యంత్రంతో కొలుస్తారు. ముక్కను కోయడానికి ఎంత బలం పట్టిందో చూపే వార్నర్–బ్రాట్జ్‌లర్ పద్ధతి అందుకు వాడే కొలమానం. బొటనవేలు చేసిందీ ఆ పనే.

థర్మామీటర్ గురించి ఒక మాట. అమెరికా వ్యవసాయ శాఖ గొర్రె, పశుమాంసం పెద్దముక్కలకు 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం చాలంటుంది. క్రిములు మాంసంతో కలగలిసిపోయే కీమాకు 71, కోడికి 74. గ్రిల్ మీద కాల్చేవాళ్లు థర్మామీటర్ తప్పక వాడాలి, లేకపోతే రంగు చూసి మోసపోతారు. అయితే ఆ 63 డిగ్రీలు కడుపుకు హాని లేదని చెప్పే అంకె మాత్రమే. మన ముదురు యాట తొడ ఆ వేడి దగ్గర పంటికి లొంగదు. ఆరోగ్యం ఒక ప్రశ్న, మెత్తదనం మరో ప్రశ్న. ఎంత ఉడికించినా తీరని ముప్పూ ఒకటుంది. వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో 2021లో గొర్రెలను చంపిన దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) బీజాలు మామూలు ఉడుకుకు చావవు. చచ్చిన జీవాన్ని, జబ్బు జీవాన్ని కోసుకొని తినొద్దు.

ఆరోగ్యంగా ఉన్న జీవమని తెలుసుకొని కొనండి, ఎన్ని పళ్లదో అడగండి. కుక్కర్‌లో వండినా ఆవిరి దిగాక మూత తీసి బొక్క దగ్గరి ముక్కను నొక్కి చూడండి. జారకపోతే కాసిన్ని వేడినీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టండి.