గని కోసం వచ్చిన కరెంటు

కర్ణాటకలో కోలారు బంగారు గనుల దగ్గరి మా క్యాసంబళ్ళి వైపు కరెంటుకు రెండు వయసులు. ఒకటి గనిది, ఇంకొకటి ఊరిది. గని కరెంటు 1902 జూన్ 30న పుట్టింది. ఊరి కరెంటు పుట్టిన రోజుకు ఇంటికో లెక్క. కిరసనాయిలు బుడ్డి అటకెక్కిన రోజని కొందరు, బావి దగ్గర కపిల ఆగి మోటారు తిరిగిన రోజని కొందరు.

ఆ జూన్ రోజున కావేరి మీది శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు అందింది. మధ్య దూరం 92 మైళ్ళు, అంటే 148 కిలోమీటర్లు. తలపెట్టినవాడు మైసూరు దివాను శేషాద్రి అయ్యర్, పనిలోకి దిగినవాడు కెనడాలో పుట్టిన ఇంజనీరు జోలీ ద లోబినియేర్. జనరేటర్లు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి, వాటిని తిప్పే నీటి చక్రాలు స్విట్జర్లాండ్ ఎషర్ విస్ వాళ్ళవి. అయ్యర్ గారు మాత్రం ఆ వెలుగు చూడకుండానే 1901లో కన్నుమూశారు.

ఆసియాలోనే మొదటి జలవిద్యుత్తు మనదని మావాళ్ళు రొమ్ము విరుచుకుంటారు. అది నిజం కాదు. డార్జిలింగ్ పక్కన సిద్రాపాంగ్‌లో 1897లోనే వచ్చేసింది. మన గొప్ప అంతా దూరంలో ఉంది. అంత పొడవు లైను అప్పటికి ఈ ఖండంలో లేదు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో. అంటే బెంగళూరు కన్నా మూడేళ్ళ ముందే మాకు కరెంటు.

ఆ ‘మాకు’ అనే మాట దగ్గరే చిక్కు. కరెంటు వచ్చింది జాన్ టేలర్ కంపెనీ చూసుకునే గనులకు, రాయి పిండి చేసే మిల్లులకు, మనుషుల్ని పాతాళానికి దింపి పైకి లాగే వైండరుకు. చుట్టుపక్కల పల్లెల్లోకి అది పాకడానికి దశాబ్దాలు పట్టింది. గని షిఫ్టు దిగినవాడు బల్బుల కింద నుంచి నడిచి బుడ్డి దీపం ఇంటికి చేరేవాడు.

గనికి ఉన్న పరపతి మామూలుది కాదు. ఎండాకాలం కావేరిలో నీళ్ళు తగ్గితే కరెంటు తగ్గేది. ఏడాది పొడవునా గనికి కరెంటు ఆగకూడదన్నది 1911లో కావేరి మీద కన్నంబాడి ఆనకట్ట పని మొదలవడానికి ఒక పెద్ద కారణం. మండ్య చెరకు తోటలు తాగే నీళ్ళలో మా బంగారం వాటా ఉందని నేను సరదాకి అంటుంటాను. పూర్తిగా సరదా కాదు.

ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన క్యాసంబళ్ళి చెంగలరాయరెడ్డి 1947 అక్టోబరులో మైసూరుకు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాదే జోగ్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఒక్క కావేరిని నమ్ముకున్న రాజ్యానికి శరావతి తోడైంది. లైన్లు ఊళ్ళ వైపు తిరగడానికి కరెంటు మిగలాలి కదా.

తర్వాతి పేర్ల మార్పులు తొందరగా చెప్పేస్తాను. 1957లో విద్యుత్ బోర్డు. 1999 ఆగస్టు 1న అది పోయి దాని చోట కేపీటీసీఎల్ వచ్చింది. 2002 జూన్ 1న మా ఇళ్ళకు, పొలాలకు బెస్కాం. పెద్దవాళ్ళ నోట్లో మాత్రం అన్నీ పాత బోర్డు పేరు ‘కేఈబీ’నే. ఈ మార్పుల మధ్యలోనే, 2001 ఫిబ్రవరి 28న, గని మూతపడింది. పంపులు ఆగాక సొరంగాల్లో నీళ్ళు నిండాయి. లైను మిగిలింది.

ఇప్పుడు ఆ కరెంటు తవ్వేది నీళ్ళను. గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. మా బోర్లు వెయ్యి అడుగులు దాటి ఇంకా దిగుతున్నాయి. పట్టు పురుగుకు మల్బరీ కావాలి, ఆవుకు పచ్చిగడ్డి కావాలి, టమోటాకు రోజూ తడి కావాలి. అన్నీ ఐపీ సెట్టు, అంటే పొలం మోటారు మీదే. పది హార్స్ పవర్ వరకు బిల్లు లేదు. బిల్లు లేదు కాబట్టి భయమూ లేదు: త్రీ ఫేస్ లేని వేళ కండెన్సరు పెట్టి సింగిల్ ఫేస్ మీదే మోటారు తిప్పేవాళ్ళం. ఒకరు చేస్తే పదిమంది. టీసీ కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఇక్కడ ఎవరికీ తలకెక్కదు, టీసీ అనాలి. అది కాలితే తలా ఇంత చందా వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, వారాల తరబడి తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. తప్పు సగం మాదే. ఇప్పుడు పల్లెలో టీసీ పోతే 72 గంటల్లో మార్చాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నియమం ఉంది.

నన్నడిగితే స్తంభాల కన్నా పెద్ద మేలు చేసింది నిరంతర జ్యోతి పథకమే. ఒకే 11 కేవీ ఫీడరు మీద ఇల్లూ పొలమూ ఉన్నన్నాళ్ళు, మోటార్లను ఆపాలంటే ఇళ్ళనూ చీకటి చేయాల్సి వచ్చేది. రెంటికీ వేరు ఫీడర్లు వేశాక పిల్లల చదువుకూ పొలం తడికీ పోటీ తప్పింది. 2023 ఆగస్టు నుంచి గృహ జ్యోతి వచ్చి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు, పాత సగటు వాడకాన్ని బట్టి పెట్టిన పరిమితి దాకా బిల్లు లేదు.

పొలాల మోటార్లకు మాత్రం ఇప్పటికీ గంటల లెక్కే. అందుకే స్టార్టరు డబ్బా పక్కన ఒక బల్బు కట్టి పెడతారు. అరుగు మీద పడుకున్నవాడు అర్ధరాత్రి ఓ కన్ను తెరిచి అటు చూస్తాడు. వెలిగిందంటే త్రీ ఫేస్ వచ్చినట్టు. చెప్పులు వెతుక్కుంటూ లేస్తాడు.