ఆగింది బండి, పోయింది డ్రైవర్ ఉద్యోగం

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ పడిపోతే నా రెజ్యూమెలో ఎవరూ రాయలేదు. అమెరికాలో ట్రక్కు ఆగిపోతే కథ వేరు.

2009 జనవరి, ఇల్లినాయ్. రాత్రి, ఎముకలు కొరికే చలి. ట్రాన్స్‌యామ్ కంపెనీ ట్రైలర్ బ్రేకులు గడ్డకట్టి బిగుసుకుపోయాయి. పడుకునే చోట హీటర్ కూడా చెడిపోయింది. డ్రైవర్ ఫోన్ చేస్తే, రిపేర్ మనిషి వచ్చేదాకా ఆగమన్నారు. గంటలు గడిచాయి, కాళ్లు మొద్దుబారాయి. చివరికి ట్రైలర్ విప్పేసి ట్రక్కుతో వెళ్లిపోయాడు. లోడ్ వదిలేశాడని వారంలోపే ఉద్యోగం తీసేశారు.

ప్రమాదకరమైన బండి నడపనన్న డ్రైవర్‌ని తీసేయకూడదని 1982 నాటి చట్టం ఉంది. మరి ఇతను నడిపాడు కదా? 2016లో అప్పీల్ కోర్టులో ఇద్దరు జడ్జిలు డ్రైవర్ వైపు నిలిచారు. కాదన్నది నీల్ గోర్సచ్ ఒక్కరే. 2017లో ఆయనే సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు.

గెలుపుకి ఏడేళ్లు పట్టింది. పైగా 2010 నుంచి, రోడ్డు తనిఖీలో దొరికిన బ్రేకు, టైరు, లైటు లోపాలు డ్రైవర్ రికార్డులో మూడేళ్లు కనిపిస్తాయి. కొత్త కంపెనీలు ఉద్యోగమిచ్చే ముందు అది చూడొచ్చు.

అక్కడ ట్రక్కు నడిపే మనవాళ్లుంటే చెప్పండి: లోపం నోటితో కాదు, రాసి ఇవ్వమనండి.