ప్లేటో న్యాయభావన: ‘రిపబ్లిక్’ చారిత్రక నేపథ్యం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

న్యాయం అంటే ఏమిటి? ఉత్తమ రాజ్యం ఎలా ఉండాలి? ఈ రెండు ప్రశ్నలను కలిపి విస్తృతంగా చర్చించిన ప్రాచీన గ్రీకు గ్రంథం ప్లేటో (క్రీ.పూ. 427–347) రచించిన ‘రిపబ్లిక్’. గ్రీకులో దీని పేరు ‘పొలితేయా’. పది భాగాల ఈ సంవాద గ్రంథాన్ని మన తరగతి గదుల్లో ఎక్కువగా సిద్ధాంత గ్రంథంగానే బోధిస్తున్నాం. మూడు వర్గాలు, నాలుగు సద్గుణాలు, తత్త్వవేత్త పాలన అనే అంశాలను వరుసగా వివరించి, చివరకు ఇది ఊహాలోకమని తేల్చివేయడం పరిపాటి. ఈ పద్ధతిలో గ్రంథం వెనుక ఉన్న చరిత్ర మరుగున పడుతోంది. ‘రిపబ్లిక్’ సంభాషణకు వేదికైన ఇంటి చరిత్రను ఆధారంగా చేసుకొని ప్లేటో న్యాయ నిర్వచనాన్ని, దాని పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సంభాషణ జరిగిన ఇల్లు

ఏథెన్సు నగరానికి ఓడరేవైన పిరేయస్‌లో, బెండిస్ దేవత ఉత్సవం నాడు ఈ సంభాషణ జరిగినట్లు ప్లేటో చిత్రించాడు. సోక్రటీసు, ప్లేటో సోదరుడైన గ్లాకన్ నగరానికి తిరిగి వెళ్తుండగా పోలెమార్కస్ వారిని ఆపి తన ఇంటికి తీసుకువెళ్తాడు. అక్కడ అతని వృద్ధ తండ్రి కెఫాలస్, సోదరుడు లిసియాస్ కూడా ఉంటారు.

కెఫాలస్ సిసిలీలోని సిరక్యూస్ నుండి వచ్చిన సంపన్నుడు. ఏథెన్సులో ఆ కుటుంబానికి ఉన్నది ‘మెటిక్’ హోదా, అంటే స్థిరపడిన పరదేశీయుల హోదా. మెటిక్‌లు పన్ను చెల్లించాలి, యుద్ధసేవ చేయాలి. అయితే వారికి పౌరసభలో ఓటు లేదు, సాధారణంగా భూమిపై హక్కు కూడా లేదు. ఈ కుటుంబ సంపదకు మూలం డాళ్ల తయారీ. రాజ్యంలో వాటా లేనివారి ఇంట్లో రాజ్యం గురించిన చర్చ మొదలుకావడం గమనార్హం.

3. ముప్పదిమంది పాలన

క్రీ.పూ. 431లో మొదలైన పెలొపొనేసియన్ యుద్ధం 404లో ఏథెన్సు పరాజయంతో ముగిసింది. విజేత స్పార్టా అండతో ‘ముప్పదిమంది’ అధికారం చేపట్టారు. వారి నాయకుల్లో ముఖ్యుడైన క్రిటియాస్ ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. వారి పక్షాన పిరేయస్‌ను పాలించిన పదిమందిలో ఒకడైన కార్మిడీస్ ఆమె సోదరుడు.

ఈ పాలన ఏడాది కూడా నిలవలేదు. అయినా ఆ కొద్దికాలంలోనే 1,500 మందికి తక్కువ కాకుండా చంపబడ్డారని అరిస్టాటిల్ పేరిట లభించిన ‘ఏథెన్సు రాజ్యాంగం’ చెబుతోంది. పోలెమార్కస్ కూడా వారిలో ఒకడు. విచారణ లేకుండానే అతనిచేత విషం తాగించారు. ప్రాణాలతో తప్పించుకున్న లిసియాస్, ప్రజాస్వామ్యం పునరుద్ధరింపబడిన తరువాత క్రీ.పూ. 403లో చేసిన ప్రసంగం ఈ ఘటనకు ప్రధాన ఆధారం. తమ ఇంటినుండి 700 డాళ్లను, 120 మంది బానిసలను, బంగారాన్ని, వెండిని పట్టుకుపోయారని, పోలెమార్కస్ భార్య చెవులకున్న ఆభరణాలను సైతం లాక్కున్నారని అతడు వివరించాడు.

ఆ ప్రసంగంలోని రెండు అంశాలు మన చర్చకు కీలకం. నగరాన్ని అన్యాయపరుల నుండి శుద్ధిచేసి, పౌరులను న్యాయమార్గంలో నడిపిస్తామని ముప్పదిమంది ప్రకటించుకున్నారు. అదే సమయంలో, ఖజానా నింపుకోవడానికి పదిమంది మెటిక్‌లను ఎంచుకొని, ధనం కోసం చేసిన పని కాదని నమ్మించడానికి వారిలో ఇద్దరు పేదలను చేర్చారు. న్యాయం అనే మాటే దోపిడీకి ముసుగు అయింది.

4. నిర్వచనాలు, వాటి నేపథ్యం

ఈ చరిత్ర తెలిసిన పాఠకుడికి ‘రిపబ్లిక్’ మొదటి భాగం వేరే విధంగా వినిపిస్తుంది. నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడమే న్యాయమన్న భావన కెఫాలస్ మాటల్లో వ్యక్తమవుతుంది. మతి చలించిన మిత్రుడికి అతని ఆయుధాన్ని తిరిగి ఇవ్వవచ్చునా అని సోక్రటీసు అడుగుతాడు. మిత్రులకు మేలు, శత్రువులకు కీడు చేయడమే న్యాయమని పోలెమార్కస్ వాదిస్తాడు. న్యాయవంతుడు ఎవరికీ కీడు చేయడని సోక్రటీసు అతణ్ణి ఒప్పిస్తాడు. ఆ మాటకు తలవూపిన వ్యక్తి తరువాత ఎలా మరణించాడో తొలి పాఠకులకు తెలుసు. బలవంతుడి ప్రయోజనమే న్యాయమన్న థ్రసిమాకస్ వాదం కూడా వారికి వట్టి తర్కం కాదు. ముప్పదిమంది దానిని ఆచరించి చూపారు.

దీనికి ప్లేటో సమాధానం నాలుగో భాగంలో లభిస్తుంది. పాలకులు, సైనికులు, ఉత్పత్తిదారులు తమతమ విధులు నిర్వర్తిస్తూ ఇతరుల విధుల్లో జోక్యం చేసుకోకపోవడమే న్యాయం. పై నేపథ్యంలో చూస్తే, ఈ నిర్వచనం కింది వర్గాలను అదుపు చేసే సూత్రం మాత్రమే కాదు, పాలకుడికి విధించిన కట్టడి కూడా. మూడో భాగం చివర పాలక, సైనిక వర్గాలకు సొంత ఆస్తిని, వెండి బంగారాలను ప్లేటో నిషేధించాడు. భూమి, ఇల్లు, ధనం సంపాదించుకున్న రక్షకులు పౌరులకు తోడుగా ఉండరని, శత్రువులైన యజమానులుగా మారతారని హెచ్చరించాడు. అరిస్టాటిల్ ‘రాజనీతి’ రెండో భాగంలో ఈ ఉమ్మడి వ్యవస్థను విమర్శించాడు. అందరికీ చెందినదానిపై ఎవరికీ శ్రద్ధ ఉండదని, ఐక్యత మితిమీరితే నగరం నగరంగా మిగలదని అతని వాదన. ఇది బలమైన విమర్శే. అయితే ఆస్తినిషేధం వెనుక ఉన్న భయం ఎక్కడిదన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు. ఆ భయం ఏథెన్సు ఇటీవలి అనుభవం నుండి వచ్చిందని భావించడం సమంజసం.

5. పరిమితి

అయితే ప్లేటో ఒక ప్రమాదాన్ని గుర్తించి, మరొకదాన్ని వదిలివేశాడు. ఆదర్శరాజ్యం నిర్మించే తత్త్వవేత్తలు ముందుగా నగరాన్ని చిత్రఫలకంలా తుడిచి శుభ్రం చేయాలని ఆరో భాగంలోను, పదేళ్లు పైబడిన వారినందరినీ పొలాలకు పంపివేయాలని ఏడో భాగం చివరలోను చెప్పాడు. నగరశుద్ధి అన్నది ముప్పదిమంది వాడిన మాటే. పాలకుడి చేతినుండి ధనాన్ని తొలగించిన ప్లేటో, శుద్ధిచేసే అధికారాన్ని మాత్రం అతనికే ఉంచాడు. 1945లో వెలువడిన గ్రంథంలో కార్ల్ పాపర్ ప్లేటోపై చేసిన తీవ్ర విమర్శకు ఇటువంటి భాగాలే బలమిచ్చాయి. ఇక డాళ్లతోపాటు లెక్కకెక్కిన ఆ 120 మంది బానిసలకు ఏది న్యాయమన్న ప్రశ్న ఆ ఇంటి చర్చలో తలెత్తనేలేదు.

6. ముగింపు

క్రీ.పూ. 399లో సోక్రటీసుకు మరణశిక్ష విధించింది పునరుద్ధరింపబడిన ప్రజాస్వామ్యమే. కొద్దిమంది పాలననూ, అనేకుల పాలననూ చూసిన ప్లేటో, పాలకుడు ఎవరన్న ప్రశ్నకు జ్ఞానం ఉన్నవాడని బదులిచ్చాడు. తన చివరి రచన ‘లాస్’లో మాత్రం పాలకులు చట్టానికి సేవకులుగా ఉండాలన్న నిర్ణయానికి వచ్చాడు. ‘రిపబ్లిక్’ను పోలెమార్కస్ ఇంటి నుండి చదివితే ఈ మార్పు అర్థమవుతుంది. న్యాయాన్ని నిర్వచించడం ఒక్కటే సరిపోదు, దాని పేరుతో పాలించేవారిని ప్రశ్నించే ఏర్పాటు కూడా ఉండాలి. ఆ ఏర్పాటు లేని లోటే ప్లేటో ఆదర్శరాజ్యంలో ప్రధానమైనదని ఈ పరిశీలన సూచిస్తోంది.